ఒకే కుర్చీకి ముగ్గురు గవర్నర్లు: 1946లో జార్జియా ఎన్నుకున్న ‘రెండో మనిషి’ కథ

2025 నవంబరులో అమెరికాలోని వర్జీనియా రాష్ట్ర లెఫ్టినెంట్ గవర్నర్‌గా గజాలా హష్మీ గెలిచారు. ఆవిడ పుట్టింది హైదరాబాద్‌లో కాబట్టి ఆ వార్త మన పేపర్లలో, వాట్సాప్ గ్రూపుల్లో బాగానే తిరిగింది. అంతకు మూడేళ్ల ముందు మేరీల్యాండ్‌లో అదే పదవికి అరుణా మిల్లర్ ఎన్నికైనప్పుడూ ఇదే సందడి. ఆవిడా హైదరాబాద్‌లో పుట్టినవారే, పుట్టింటి పేరు కాట్రగడ్డ. రెండుసార్లూ జనానికి వచ్చిన అనుమానం ఒకటే: ఈ లెఫ్టినెంట్ గవర్నర్ అంటే ఢిల్లీలో ఉండే ఎల్జీ లాంటి పదవా, మన డిప్యూటీ సీఎం లాంటిదా?

రెండూ కాదు. మరి ఏమిటి అంటే ఒక్క వాక్యంలో చెప్పొచ్చు: గవర్నర్ కుర్చీ ఖాళీ అయితే అందులో కూర్చోవడానికి జనం ముందే ఎన్నుకుని పెట్టుకున్న మనిషి. కానీ ‘ఖాళీ అయితే’ అన్న ఆ చిన్న మాటలో ఎంత గొడవ దాగి ఉందో అర్థం కావాలంటే జార్జియా రాష్ట్రానికి, 1946 సంవత్సరానికి వెళ్లాలి. ఆ రాష్ట్రం మొట్టమొదటిసారి లెఫ్టినెంట్ గవర్నర్‌ను ఎన్నుకున్నది అప్పుడే. హష్మీ కుటుంబం హైదరాబాద్ నుంచి వెళ్లి స్థిరపడింది కూడా మొదట జార్జియాలోనే. ఇప్పుడు అట్లాంటా చుట్టుపక్కల ఆల్ఫారెటా, కమింగ్ ఊళ్లలో తెలుగు మాట వినపడని వీధి తక్కువ. అక్కడివాళ్లు 2026 నవంబరులో మళ్లీ ఇదే పదవికి ఓటు వేస్తారు.

మన ఎల్జీ వేరు, వాళ్ల లెఫ్టినెంట్ గవర్నర్ వేరు

మన దగ్గర లెఫ్టినెంట్ గవర్నర్‌ను రాష్ట్రపతి నియమిస్తారు. ఢిల్లీ, పుదుచ్చేరి, జమ్మూ కశ్మీర్ లాంటి కేంద్రపాలిత ప్రాంతాల్లో కేంద్రం తరఫున ఉండే అధికారి ఆయన. యానాం వాళ్లకు ఈ పదవి బాగా తెలుసు. పుదుచ్చేరి కింద ఉన్నందుకు చిన్న పనికి కూడా ఎల్జీ ఆమోదం అన్న మాట అక్కడ వింటూనే ఉంటారు.

అమెరికాలో గవర్నర్ అంటే మన ముఖ్యమంత్రి స్థాయి. నేరుగా జనం ఓట్లతో గెలిచి రాష్ట్ర ప్రభుత్వాన్ని నడుపుతారు. లెఫ్టినెంట్ గవర్నర్ ఆయన తర్వాతి మనిషి, దాదాపు అన్నిచోట్లా ఆయనకూ జనం ఓట్లే ఆధారం. రోజువారీ పని చాలా రాష్ట్రాల్లో పెద్దగా ఉండదు: రాష్ట్ర సెనేట్‌కు అధ్యక్షత వహించడం, ఓట్లు సమానమైనప్పుడు తన ఓటుతో తేల్చడం. టెక్సస్ లాంటి చోట మాత్రం సెనేట్ మొత్తం ఆయన చేతిలోనే ఉంటుంది, గవర్నర్‌కన్నా బలవంతుడని కూడా అంటారు.

మన డిప్యూటీ సీఎం సంగతి ఇంకోలా ఉంటుంది. రాజ్యాంగంలో ఆ పదవి ఊసే లేదు. అది ముఖ్యమంత్రి ఇచ్చే హోదా. ఒకరికి ఇవ్వొచ్చు, 2019లో ఆంధ్రప్రదేశ్‌లో జరిగినట్టు ఒకేసారి ఐదుగురికీ ఇవ్వొచ్చు. 1956లో రాష్ట్రం ఏర్పడ్డప్పుడు పెద్దమనుషుల ఒప్పందం ప్రకారం తెలంగాణకు ఇవ్వాల్సిన ఉప ముఖ్యమంత్రి పదవిని నీలం సంజీవరెడ్డి ఇవ్వలేదు. అది చేతికి ఆరో వేలు లాంటిదని అన్నాడని తెలంగాణలో ఇప్పటికీ చెప్పుకుంటారు. తమాషా ఏమిటంటే అంతకుముందు ఆంధ్ర రాష్ట్రంలో ప్రకాశం దగ్గర, ఆ తర్వాత బెజవాడ గోపాలరెడ్డి దగ్గర ఆ ఆరో వేలు ఆయనే.

అసలు తేడా ముఖ్యమంత్రి చనిపోయినప్పుడు తెలుస్తుంది. 2009 సెప్టెంబరు 2న వైఎస్ రాజశేఖరరెడ్డి హెలికాప్టర్ ప్రమాదంలో మరణించారు. మర్నాడు రోశయ్య ప్రమాణం చేశారు. ఆయన డిప్యూటీ సీఎం కాదు, ఆర్థిక మంత్రి. మన పద్ధతిలో ఎవరికీ ఆటోమేటిక్‌గా హక్కు రాదు. గవర్నర్ పిలవాలి, పార్టీ ఒప్పుకోవాలి, సభలో బలం ఉండాలి. ఈలోపు కొడుకునే ముఖ్యమంత్రిని చేయాలని ఎమ్మెల్యేల సంతకాల సేకరణ కూడా నడిచింది, గుర్తుండే ఉంటుంది. అమెరికా రాష్ట్రాల్లో ఆ సందిగ్ధం రాకూడదనే వారసుణ్ణి ముందే ఎన్నుకుంటారు. జార్జియా కూడా సరిగ్గా అందుకే ఈ పదవి పెట్టుకుంది. పెట్టుకున్న మొదటి ఎన్నికకే సందిగ్ధం వచ్చిపడింది.

కొత్త రాజ్యాంగం, కొత్త పదవి

1943 నుంచి జార్జియా గవర్నర్ ఎలిస్ ఆర్నాల్. ముప్పై అయిదేళ్లకే ఆ కుర్చీ ఎక్కిన మనిషి, దక్షిణాది లెక్కలో సంస్కరణవాది. ఓటు హక్కు వయసును 18కి దించిన మొదటి రాష్ట్రం జార్జియాయే, ఆయన హయాంలోనే. ఓటు వేయాలంటే కట్టాల్సిన పన్నును తీసేశాడు. 1945లో రాష్ట్రానికి కొత్త రాజ్యాంగం వచ్చింది. లెఫ్టినెంట్ గవర్నర్ పదవి అందులోనే పుట్టింది. ‘గవర్నర్ మరణిస్తే, రాజీనామా చేస్తే, ఆయన అధికారాలు లెఫ్టినెంట్ గవర్నర్‌కు వస్తాయి’ అన్నది దాని సారం.

చదవడానికి బాగానే ఉంది. కానీ ఎన్నికల్లో గెలిచి, ఇంకా ప్రమాణం చేయని మనిషి చనిపోతే? ఆ సంగతి రాయలేదు. ఇది ఎవరి ఊహకూ అందని విషయమేమీ కాదు. అమెరికా అధ్యక్షుడి విషయంలో సరిగ్గా ఇలాంటి పరిస్థితికి జవాబు చెబుతూ 1933లోనే దేశ రాజ్యాంగానికి 20వ సవరణ చేశారు: ఎన్నికైన అధ్యక్షుడు ప్రమాణానికి ముందే చనిపోతే ఎన్నికైన ఉపాధ్యక్షుడే అధ్యక్షుడు. పన్నెండేళ్ల తర్వాత రాష్ట్ర రాజ్యాంగం రాస్తూ జార్జియా పెద్దలు ఆ వాక్యాన్ని చూసి రాసుకున్నా సరిపోయేది.

ఎక్కువ ఓట్లు వచ్చినవాడు ఎలా ఓడాడు

అప్పటి జార్జియాలో ఒక్క పార్టీదే రాజ్యం. డెమోక్రటిక్ పార్టీ అభ్యర్థిని తేల్చే ఎన్నికను ప్రైమరీ అంటారు. అందులో గెలిస్తే నవంబరు అసలు ఎన్నిక లాంఛనమే. 1946 జులై 17న జరిగిన ప్రైమరీలో గవర్నర్ పదవికి ప్రధానంగా ఇద్దరు: గతంలో మూడుసార్లు గవర్నర్‌గా గెలిచిన యూజీన్ టాల్మడ్జ్, యుద్ధకాలంలో మారియెటాలో బాంబర్ విమానాల ఫ్యాక్టరీ నడిపిన జేమ్స్ కార్మైకేల్. ఆర్నాల్ మద్దతు కార్మైకేల్‌కు. నల్లజాతివారికి ప్రైమరీలో ఓటు లేకుండా చేసే ‘శ్వేతజాతి ప్రైమరీ’ని కోర్టులు అప్పుడే కొట్టేశాయి. లక్షమందికి పైగా నల్లజాతి పౌరులు కొత్తగా ఓటర్లయ్యారు. ఆ ప్రైమరీని తిరిగి తెస్తానన్నదే టాల్మడ్జ్ ప్రచారం. ఈ కథలో తాళాలు, ముద్రలు, కొట్లాటలు వినడానికి సరదాగా ఉంటాయి గానీ, వాటి వెనక ఉన్న పందెం నల్లజాతివారి ఓటు. అది మర్చిపోతే మిగతాదంతా వినోదంలా కనిపిస్తుంది.

జనం ఓట్లు కార్మైకేల్‌కు 3,13,389. టాల్మడ్జ్‌కు 2,97,245. పదహారు వేల ఓట్ల పైచిలుకు తేడాతో కార్మైకేల్ ముందున్నాడు. గెలిచింది టాల్మడ్జ్.

కారణం కౌంటీ యూనిట్ పద్ధతి. కౌంటీ అంటే మన జిల్లాకన్నా చిన్న పరిపాలనా విభాగం. జార్జియాలో 159 ఉన్నాయి. ప్రైమరీలో ఓట్లను రాష్ట్రమంతా కలిపి లెక్కపెట్టేవారు కాదు. ఏ కౌంటీలో ఎవరు ముందుంటే ఆ కౌంటీ యూనిట్లన్నీ వాళ్లకే. పెద్ద కౌంటీలు ఎనిమిదింటికి తలా 6 యూనిట్లు, తర్వాతి ముప్పైకి తలా 4, మిగిలిన 121కి తలా 2. మొత్తం 410.

ఊహించిన అంకెలతో చూద్దాం. అట్లాంటా నగరం ఉన్న ఫుల్టన్ కౌంటీలో లక్షమంది ఓటేశారనుకోండి: ‘ఎ’కు 60 వేలు, ‘బి’కి 40 వేలు. మూడు చిన్న కౌంటీల్లో తలా రెండు వేలమంది వేశారు, ప్రతిచోటా ‘బి’కి 1,100, ‘ఎ’కు 900. కలిపితే ‘ఎ’కు 62,700 ఓట్లు, ‘బి’కి 43,300. యూనిట్లలో చూస్తే? ఫుల్టన్ నుంచి ‘ఎ’కు 6, మూడు చిన్న కౌంటీల నుంచి ‘బి’కి 6. సమానం! పల్లె కౌంటీలు గుప్పిట్లో ఉంటే నగరాలతో పనే లేదు. టాల్మడ్జ్ బలమంతా పల్లెల్లోనే. ట్రామ్ తిరిగే ఊళ్లు తనకు అక్కర్లేదని గర్వంగా చెప్పుకునే నాయకుడాయన. యూనిట్లలో టాల్మడ్జ్‌కు 242, కార్మైకేల్‌కు 146 వచ్చాయి, మిగిలిన 22 మాజీ గవర్నర్ రివర్స్‌కు పోయాయి.

అదే రోజు లెఫ్టినెంట్ గవర్నర్ పదవికీ ప్రైమరీ జరిగింది. పేపర్లు పెద్దగా పట్టించుకోలేదు. మెల్విన్ థాంప్సన్ గెలిచాడు. విద్యాశాఖ నుంచి వచ్చిన మనిషి, తర్వాత గవర్నర్ ఆర్నాల్ దగ్గర కార్యదర్శిగా, రాష్ట్ర పన్నుల కమిషనర్‌గా పనిచేశాడు. ఓడినవాళ్లలో మార్విన్ గ్రిఫిన్ అనే ఆయన ఉన్నాడు, ఆయన 1948లో ఇదే పదవి గెలిచి తర్వాత గవర్నర్ కూడా అయ్యాడు. ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. గవర్నర్‌కు, లెఫ్టినెంట్ గవర్నర్‌కు ఓట్లు విడివిడిగా వేశారు. అందుకే మొదటి కుర్చీకి టాల్మడ్జ్, రెండో కుర్చీకి ఆయన ప్రత్యర్థి శిబిరం మనిషి ఎన్నికయ్యారు. పార్టీ ఒకటే, ముఠాలు రెండు. మనకు కొత్త కాదు.

జబ్బుపడ్డ అభ్యర్థి, చేత్తో రాసిన ఓట్లు

యూజీన్ టాల్మడ్జ్‌కు అప్పుడు అరవై రెండేళ్లు. ప్రచారంలోనే ఆరోగ్యం దెబ్బతింది, కాలేయ వ్యాధి. నవంబరు 5న అసలు ఎన్నిక. పోటీగా ఎవరూ లేరు. కానీ ఆయన సన్నిహితులకు టెన్షన్ పట్టుకుంది: పెద్దాయన జనవరి దాకా బతక్కపోతే?

రాజ్యాంగం తిరగేస్తే వాళ్లకు ఒక వాక్యం కనిపించింది. గవర్నర్ ఎన్నికలో ఎవరికీ సగానికి పైగా ఓట్లు రాకపోతే, అందరికన్నా ఎక్కువ ఓట్లు వచ్చిన ఇద్దరిలో, జీవించి ఉండి పదవి వద్దనని వారిలో ఒకరిని శాసనసభ ఎన్నుకోవాలి. ‘జీవించి ఉండి’ అన్న ఆ మాటే వాళ్లకు దారి చూపించింది. పెద్దాయన పోతే రెండో, మూడో స్థానంలో ఉన్నవాళ్ల నుంచి సభ ఎంచుకోవచ్చు కదా! అయితే ఆ స్థానంలో తమ మనిషి ఉండాలి.

అమెరికాలో బ్యాలెట్ మీద అచ్చు వేయని పేరును కూడా ఓటరు చేత్తో రాసి ఓటు వేయొచ్చు. రైట్-ఇన్ ఓటు అంటారు. టాల్మడ్జ్ మనుషులు గుట్టుగా కొన్ని వందలమందికి చెప్పి కొడుకు హెర్మన్ టాల్మడ్జ్ పేరు రాయించారు. హెర్మన్‌కు 33 ఏళ్లు, లాయరు, యుద్ధంలో నౌకాదళంలో పనిచేసి వచ్చాడు. బాహాటంగా చేస్తే తండ్రి జబ్బు సంగతి బయటపడుతుంది, అందుకే గుట్టు. మరోపక్క ప్రైమరీలో ఓడిన కార్మైకేల్ పేరును ఆయన అభిమానులు కొందరు రాశారు. రిపబ్లికన్ బవర్స్ పేరును ఇంకొందరు రాశారు.

సుమారు 1,45,000 ఓట్లలో దాదాపు అన్నీ యూజీన్‌కే పడ్డాయి. డిసెంబరు 21న ఆయన చనిపోయాడు.

58 ఓట్ల విలువ

1947 జనవరి మధ్యలో శాసనసభ కొలువుదీరి ఓట్ల కవర్లు విప్పింది. చేత్తో రాసిన ఓట్లలో కార్మైకేల్‌కు 669, బవర్స్‌కు 637, హెర్మన్‌కు 617.

గమనించండి, హెర్మన్ మూడోవాడు. సభ ఎంచుకోగలిగేది మొదటి ఇద్దరి నుంచే. ఆ లెక్కన గవర్నర్ పీఠానికి అర్హులు కార్మైకేల్, బవర్స్ మాత్రమే. ఇన్నాళ్ల పథకం ఇరవై ఒక్క ఓట్ల దగ్గర ఆగిపోయింది.

అప్పుడు టెల్ఫెయిర్ కౌంటీ నుంచి లెక్కలోకి రాని ఓట్లు దొరికాయన్నారు. 58 ఓట్లు, అన్నీ హెర్మన్‌వే. 617కు 58 కలిపితే 675, కార్మైకేల్‌కన్నా ఆరు ఎక్కువ. టెల్ఫెయిర్ టాల్మడ్జ్‌ల సొంత కౌంటీ అని వేరే చెప్పాలా?

అట్లాంటా జర్నల్ విలేకరి జార్జ్ గుడ్విన్ ఆ ఓట్ల వెంట పడ్డాడు. ఓటర్ల జాబితా చూస్తే కొందరు అక్షరక్రమంలో వరసగా వచ్చి ఓటేసినట్టుంది. రాత ఒకటే చేతిదిలా ఉంది. ఓటేసినట్టున్న వాళ్లలో కొందరు ఊరు విడిచి వెళ్లినవాళ్లు, కొందరు లోకమే విడిచినవాళ్లు. మార్చి మొదట్లో ఈ కథనం అచ్చయింది. మర్నాటి ఏడు గుడ్విన్‌కు పులిట్జర్ బహుమతి వచ్చింది. ఆ కథనం వచ్చేదాకా ఈ సంగతి ఎవరికీ తెలియదు. జనవరిలో మాత్రం ఆ 58 ఓట్లు తమ పని తాము చేసేశాయి.

మూడు వాదనలు, మూడింటిలోనూ బలం ఉంది

*హెర్మన్ వాదన.* చనిపోయిన మనిషి పదవికి ఎన్నిక కాలేడు, కాబట్టి ఎవరికీ సగానికి పైగా ఓట్లు రానట్టే. అప్పుడు ఎన్నుకునే హక్కు సభది. సభ జనం ఎన్నుకున్నదే, పైగా జనం కోరింది టాల్మడ్జ్ విధానాలను. ప్రత్యర్థి శిబిరం మనిషిని రెండో కుర్చీకి ఎన్నుకున్నంత మాత్రాన మొదటి కుర్చీ అతనికి అప్పగించినట్టా? ఈ వాదనలో ఆఖరి ప్రశ్న తేలిగ్గా తీసిపారేయాల్సింది కాదు. బలహీనత మరోచోట ఉంది: లక్షా నలభై అయిదు వేల ఓట్లలో 675 అంటే నూటికి అర ఓటు కూడా కాదు.

*ఆర్నాల్ వాదన.* వారసుడు ఎన్నికై, అర్హత పొంది వచ్చేవరకు గవర్నర్ పదవిలో ఉంటాడని రాజ్యాంగం చెబుతోంది. అలాంటి వారసుడు లేడు కాబట్టి నేనే ఉన్నాను. థాంప్సన్ లెఫ్టినెంట్ గవర్నర్‌గా ప్రమాణం చేయగానే రాజీనామా చేసి ఆయనకు అప్పగిస్తాను. మాట సూటిగానే ఉంది. కానీ వరసగా రెండోసారి పోటీ చేయకూడదన్న నిబంధన ఉన్న గవర్నర్, గడువు అయ్యాక కుర్చీ వదలనంటే బయటివాళ్లకు ఎలా కనిపిస్తుందో ఊహించుకోవచ్చు.

*థాంప్సన్ వాదన.* కుర్చీ ఖాళీ అయినప్పుడు కూర్చోవడానికే జనం నన్ను ఎన్నుకున్నారు. ఇదే వినగానే నచ్చే వాదన, చట్టం దృష్టిలో చిక్కున్నదీ ఇదే. ఎందుకంటే యూజీన్ చనిపోయేనాటికి ఆయన గవర్నర్ కాదు, థాంప్సన్ లెఫ్టినెంట్ గవర్నరూ కాదు. ప్రమాణం చేయనివాడి పదవి ప్రమాణం చేయనివాడికి ఎలా సంక్రమిస్తుంది?

అందుకే థాంప్సన్ కేసు ఆర్నాల్ కేసు మీద ఆనుకుని నిలబడింది. ఆర్నాల్ కుర్చీ వదలకుండా ఉంటే ఆయనే గవర్నర్. థాంప్సన్ ప్రమాణం చేస్తే లెఫ్టినెంట్ గవర్నర్. ఆ తర్వాత ఆర్నాల్ రాజీనామా చేస్తే అప్పుడు నిజంగా గవర్నర్ పదవి ఖాళీ, రాజ్యాంగంలో ఉన్న మాట అక్షరాలా వర్తిస్తుంది. ఈ మూడు మెట్లలో ఏ ఒక్కటి జారినా థాంప్సన్‌కు దారి లేదు. ఆర్నాల్ మొండితనాన్ని పదవీ వ్యామోహం అనుకున్నవాళ్లకు ఈ లంకె అప్పుడు కనిపించి ఉండదు.

మారిన తాళాలు, కుషన్ కింద ముద్ర

జనవరి 14 అర్ధరాత్రి దాటాక సభ 161-87 ఓట్లతో హెర్మన్‌ను గవర్నర్‌గా ఎన్నుకుంది. శాసనసభ, గవర్నర్ ఆఫీసు ఉండే క్యాపిటల్ భవనం నిండా టాల్మడ్జ్ మనుషులు. ప్రమాణం చేసిన వెంటనే హెర్మన్ గవర్నర్ ఆఫీసుకు వెళ్లాడు. లోపల ఆర్నాల్. కదలనన్నాడు. బయట తోపులాటలు, కొట్లాటలు. ఆ రోజుకి అలా గడిచింది. తర్వాత రాత్రికి రాత్రి ఆఫీసు తాళాలు మార్చేశారు, గవర్నర్ అధికార నివాసం కూడా హెర్మన్ చేతికి పోయింది.

పొద్దున వచ్చిన ఆర్నాల్‌కు సొంత ఆఫీసులోకి దారి లేదు. ఆయన క్యాపిటల్ మధ్య హాల్లో సందర్శకులకు సమాచారం చెప్పే కౌంటర్ దగ్గర కూర్చుని, ఇదే గవర్నర్ ఆఫీసు అన్నాడు. అక్కడా ఉండనివ్వలేదు. ఊళ్లోని ఒక ఆఫీసు గదికి మారాడు. జనవరి 18న థాంప్సన్ ప్రమాణం చేయడం, ఆర్నాల్ రాజీనామా ఇవ్వడం అయిపోయాయి. అప్పటినుంచి తాత్కాలిక గవర్నర్‌నంటూ థాంప్సన్ ఊళ్లో, గవర్నర్‌నంటూ హెర్మన్ క్యాపిటల్‌లో.

ఎవరి సంతకం చెల్లుతుంది? ఇక్కడ బెన్ ఫోర్ట్‌సన్ అనే ఆయన్ని పరిచయం చేయాలి. ఆయన రాష్ట్ర కార్యదర్శి, రాష్ట్ర అధికార ముద్ర ఆయన అధీనంలో ఉంటుంది. ఆ ముద్ర పడితేనే గవర్నర్ పత్రాలకు అధికారికత. ఫోర్ట్‌సన్ నడవలేరు, చక్రాల కుర్చీలో తిరిగేవారు. గవర్నర్ ఎవరో కోర్టు తేల్చేదాకా ముద్ర ఎవరికీ ఇవ్వనని, దాన్ని తన కుర్చీ కుషన్ కింద పెట్టుకుని దానిమీదే కూర్చున్నారు. ఆ మొత్తం వ్యవహారంలో ఏ పక్షానికీ చెందకుండా తన పని తాను చేసిన అధికారి ఆయనేననిపిస్తుంది.

హెర్మన్ ఆ రెండు నెలల్లో ఊరికే కూర్చోలేదు. శ్వేతజాతి ప్రైమరీని మళ్లీ తెచ్చే బిల్లును సభ ఆమోదించింది. కుర్చీ ఎవరిదన్న ప్రశ్నకూ ఓటు ఎవరిదన్న ప్రశ్నకూ ఉన్న సంబంధం ఇదే.

కోర్టు చిక్కుముడి విప్పిన తీరు

1947 మార్చి 19న జార్జియా సుప్రీంకోర్టు 5-2 మెజారిటీతో తీర్పు చెప్పింది. దాని తర్కం సాదాగా ఉంటుంది.

సభకు ఎన్నుకునే హక్కు ఎప్పుడు వస్తుంది? ఎవరికీ సగానికి పైగా ఓట్లు రానప్పుడు. 1946 నవంబరు 5న యూజీన్‌కు వచ్చాయా? వచ్చాయి. ఆ రోజు ఆయన బతికే ఉన్నాడు. తర్వాత చనిపోవడం వల్ల పడిన ఓట్లు పడకుండా పోవు. కాబట్టి సభ చేయాల్సింది ఆ ఫలితాన్ని ప్రకటించడం వరకే, హెర్మన్‌ను ఎన్నుకునే అధికారం దానికి లేదు. చెల్లుబాటయ్యే వారసుడు లేనందున ఆర్నాల్ పదవిలో కొనసాగాడు. ఆయన రాజీనామాతో పదవి ఖాళీ అయింది. లెఫ్టినెంట్ గవర్నర్ థాంప్సన్ గవర్నర్ విధులు చేపట్టాలి, వచ్చే ఎన్నికలో జనం కొత్త గవర్నర్‌ను ఎన్నుకునేదాకా.

ఈ తర్కంలో 675 ఓట్లు, 58 ఓట్లు, చనిపోయిన ఓటర్లు, ఏవీ అక్కర్లేదని గమనించారా? టెల్ఫెయిర్ ఓట్లు నూటికి నూరుపాళ్లు నిజమైనవైనా తీర్పు ఇదే. గుడ్విన్ కథనం హెర్మన్ పరువు తీసిందేమో గానీ, కేసు దాని మీద ఆధారపడలేదు. ఈ రెండింటినీ కలిపేసి ‘దొంగ ఓట్ల వల్ల హెర్మన్ పదవి పోయింది’ అని చెప్పేవాళ్లున్నారు. అది సరికాదు.

తీర్పు విన్న గంటల్లోనే హెర్మన్ ఆఫీసు ఖాళీ చేసి వెళ్లిపోయాడు. తుపాకులు, తాళాలు అన్నీ అయ్యాక ఆ చివరి అడుగు మాత్రం ఇంత నిశ్శబ్దంగా పడింది. జనం దగ్గరే తేల్చుకుంటానన్నాడు.

జనం ఏం తేల్చారు

1948లో మిగిలిన గడువుకు ప్రత్యేక ఎన్నిక వచ్చింది. సెప్టెంబరు ప్రైమరీలో థాంప్సన్, హెర్మన్ తలపడ్డారు. హెర్మన్ గెలిచాడు, ఈసారి యూనిట్లలోనే కాదు, జనం ఓట్లలో కూడా. 1955 దాకా గవర్నర్‌గా, ఆ తర్వాత 1957 నుంచి 1981 దాకా అమెరికా సెనేటర్‌గా ఉన్నాడు. థాంప్సన్ 1950లో మళ్లీ పోటీ చేసి మళ్లీ ఓడాడు. కాబట్టి కోర్టు చట్టాన్ని నిలబెట్టిందని ఒకరంటే, జనం మనసులో ఉన్నది హెర్మనే కదా అని ఇంకొకరు అనొచ్చు. రెండూ నిజాలే. అయితే 1948లో హెర్మన్‌కు వచ్చిన ఓట్లు 1947 జనవరిలో ఆయనకు లేని హక్కును వెనక్కి వెళ్లి ఇవ్వలేవు.

థాంప్సన్ పేరు జార్జియాలో ఈరోజు ఇంకో కారణానికి తలుచుకుంటారు. ఒకప్పుడు కోటీశ్వరుల విడిది అయిన జెకిల్ దీవిని 1947లో రాష్ట్రం కోసం కొన్నది ఆయనే. ఇప్పుడు అక్కడికి ఎవరైనా వెళ్లొచ్చు, అట్లాంటా తెలుగువాళ్లు వీకెండ్ ట్రిప్పులకు వెళ్లే బీచ్ అది. ధర 6,75,000 డాలర్లు. హెర్మన్ ఓట్లు 675 అయిన ఏడే ఈ అంకె రావడం కాకతాళీయమే, కానీ నవ్వు రాకమానదు.

కౌంటీ యూనిట్ పద్ధతి మాత్రం ఇంకో పదిహేనేళ్లు బతికింది. 1963లో గ్రే వర్సెస్ సాండర్స్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. ‘ఒక మనిషికి ఒక ఓటు’ అన్న సూత్రం ఆ దేశ తీర్పుల్లోకి వచ్చింది ఆ కేసుతోనే.

విడిగా ఎన్నుకోవాలా, జంటగానా

1946 గొడవ మూలంలో ఉన్న ప్రశ్న ఇప్పటికీ తేలలేదు. మేరీల్యాండ్‌లో గవర్నర్, లెఫ్టినెంట్ గవర్నర్ జంటగా నిలబడతారు, ఓటరు ఇద్దరికీ కలిపి ఒకే ఓటు వేస్తారు. అరుణా మిల్లర్ 2022లో వెస్ మూర్‌తో కలిసి గెలిచింది అలాగే. వర్జీనియాలో, జార్జియాలో, టెక్సస్‌లో విడివిడి ఓట్లు. హష్మీ తన పోటీ తాను గెలిచారు.

జంట పద్ధతిని సమర్థించేవాళ్లు చెప్పేది సబబుగానే ఉంటుంది: గవర్నర్ పోతే ఆయన విధానాలు కొనసాగాలి గానీ ప్రత్యర్థి వచ్చి కూర్చోకూడదు. 1946లో జంటగా ఎన్నిక జరిగి ఉంటే టాల్మడ్జ్ మనిషే రెండో కుర్చీలో ఉండేవాడు, చేత్తో రాసిన ఓట్ల పథకం అవసరమే పడేది కాదు. విడి పద్ధతి వైపు వాళ్లు ఇంకో మాట అంటారు. రెండో మనిషి మొదటి మనిషి ఎంపిక అయితే జనానికి అతను బాకీపడడు. వర్జీనియాలో 1985లో డగ్లస్ వైల్డర్ లెఫ్టినెంట్ గవర్నర్‌గా గెలిచాడు, అంతర్యుద్ధంలో బానిసత్వం కోసం విడిపోయిన దక్షిణాది రాష్ట్రాల కూటమికి రాజధాని ఉన్న ఆ రాష్ట్రమంతటా ఓట్లు అడిగి గెలిచిన తొలి నల్లజాతి నాయకుడిగా. నాలుగేళ్ల తర్వాత అమెరికాలోనే ఎన్నికైన మొదటి నల్లజాతి గవర్నర్ అయ్యాడు. ఎవరి వెనకో నిలబడి కాకుండా తన పేరుతో ఓటు గెలవడమే ఆయనకు మెట్టు అయిందని వాళ్ల వాదన. అసలు ఈ పదవే అక్కర్లేదనుకునే రాష్ట్రాలూ ఉన్నాయి. మెయిన్, న్యూ హాంప్‌షైర్‌లలో గవర్నర్ తర్వాత సెనేట్ అధ్యక్షుడే. న్యూజెర్సీ కూడా చాలాకాలం అలాగే నడిచి, గవర్నర్లు మధ్యలో తప్పుకున్నప్పుడల్లా చిక్కులు పడి, 2009లో మొదటిసారి లెఫ్టినెంట్ గవర్నర్‌ను ఎన్నుకుంది.

జార్జియా విడి ఎన్నికనే ఉంచుకుంది. మార్చింది ఒక్క వాక్యం. 1983 నుంచి అమల్లో ఉన్న రాజ్యాంగంలో గవర్నర్ అన్న మాట పక్కనే ఎన్నికైన గవర్నర్ అన్న మాట కూడా చేరింది: ప్రమాణానికి ముందు ఆయన చనిపోయినా, కొత్తగా ఎన్నికైన లెఫ్టినెంట్ గవర్నర్ ప్రమాణం చేసి ఆ కుర్చీలోకి వెళ్తారు.